మనవరాలి పిడికిలి

ముప్పైనాలుగేళ్లు తెలుగు వాచకాలు చెప్పినవాణ్ణి. కిష్కింధ కథలో ‘ముష్టియుద్ధం’ అనే మాట రాగానే వెనుక బల్లలనుండి ఎవడో ఒకడు కిసుక్కున నవ్వేవాడు. ముష్టి అంటే వాడికి తెలిసింది బిచ్చమే మరి. ‘నాయనా, బిగించిన పిడికిలీ ముష్టియే, ఆ పిడికిట పట్టినంత బియ్యమూ ముష్టియే’ అని చెప్పి ముందుకు సాగేవాణ్ణి. ఆ పదాన్ని గురించి అంతకుమించి ఆలోచించవలసిన అవసరం ఉద్యోగకాలంలో నాకు కలుగలేదు.

ఇప్పుడు కలిగింది. పదమూడేళ్ల మా మనవరాలు బాక్సింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. మాది నిజామాబాదు. ఈ ఊరి ఆడపిల్ల నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచవిజేతగా నిలిచిన తరువాత ఇక్కడి పిల్లలకు ఆ కోరిక పుట్టడంలో వింత లేదు. మా అబ్బాయి మాత్రం కలవరపడి నా దగ్గరకు వచ్చాడు. ‘నాన్నా, మేం చెబితే వినడంలేదు. మీ మాట కాదనదు. ఏదో ఒకటి చెప్పి మాన్పించండి’ అన్నాడు. నాకూ ఆ ఆట ఇష్టం లేదు గనుక సరేనన్నాను.

ఖండించదలచినవాడు ముందుగా పూర్వపక్షాన్ని చక్కగా గ్రహించాలని మా గురువులు నేర్పారు. నేనా క్రమాన్ని తలక్రిందులు చేసి, ఖండనకు కావలసిన సరంజామాను మాత్రమే వెదకసాగాను. దెబ్బతిని బరికి శాశ్వతంగా దూరమైన యోధుడొకడు దొరికితే చాలు, అతని చేతనే ‘వద్దు తల్లీ’ అనిపించవచ్చునని నా ఎత్తు. దొరికాడు. పేరు మైఖేల్ వాట్సన్.

లండనువాడు. 1989లో నైజెల్ బెన్ అనే భీకరయోధుణ్ణి ఓడించి పేరు తెచ్చుకున్నాడు. 1991 జూన్‌లో క్రిస్ యూబ్యాంక్‌తో తలపడి న్యాయనిర్ణేతల లెక్కలో కొద్ది తేడాతో ఓడాడు. ఆ తీర్పు సరికాదని వాదించినవారు చాలామంది ఉన్నారు. అదే ఏడు సెప్టెంబరు 21న వైట్ హార్ట్ లేన్ మైదానంలో ఇద్దరికీ మళ్లీ పోటీ జరిగింది. పదకొండో రౌండులో వాట్సన్ ప్రత్యర్థిని నేలకూల్చాడు. గెలుపు చేతికందినట్టే అనుకున్న ఆ క్షణాన, లేచి నిలబడ్డ యూబ్యాంక్ క్రిందినుండి పైకి విసిరిన ఒక్క గుద్దుకు వెల్లకిలా పడ్డాడు. తల వెనుకభాగం బరి త్రాటికి కొట్టుకుంది. పన్నెండో రౌండు మొదలైన అరనిమిషంలోపే రెఫరీ పోటీ ఆపివేశాడు. కొద్దిసేపటికి వాట్సన్ కుప్పకూలాడు.

తలలో నెత్తురు చేరి మెదడును నొక్కుతున్నప్పుడు నిమిషాల మీదనే బ్రతుకు ఆధారపడి ఉంటుంది. బరి పక్కన ఊపిరి నిలిపే సాధనాలతో సిద్ధంగా ఉన్న బృందం లేదు. మొదట తీసుకుపోయిన ఆసుపత్రిలో మెదడు శస్త్రచికిత్సకు ఏర్పాటు లేదు. అక్కడినుండి మరొక ఆసుపత్రికి తరలించారు. నలభై రోజులు స్మృతి లేదు. మెదడుకు ఆరు శస్త్రచికిత్సలు జరిగాయి. ఇరవైఆరేళ్ల యువకుడు ఏళ్లతరబడి చక్రాలకుర్చీలో కూర్చున్నాడు. మాట, నడక మళ్లీ అక్షరాభ్యాసం చేసినట్టు నేర్చుకోవలసివచ్చింది.

ఇంతవరకు చదివి, నా పని సులువైందనుకున్నాను. ఆ తరువాతిది చదివితే నా ఎత్తు పారలేదు. యూబ్యాంక్ మీద తనకు ద్వేషం లేదని వాట్సన్ ఎన్నోసార్లు చెప్పాడు. 2003 ఏప్రిల్‌లో లండన్ మారథాన్ దారిని, అంటే నలభైరెండు కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని, ఆరు రోజులలో కాలినడకన పూర్తిచేశాడు. అతని తలకు శస్త్రచికిత్స చేసిన పీటర్ హామ్లిన్ ఒకవైపు, అతణ్ణి కొట్టిన యూబ్యాంక్ మరొకవైపు వెంట నడిచారు. ఆ ఛాయాచిత్రాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

అతడు న్యాయస్థానానికి వెళ్లలేదా అంటే వెళ్లాడు. బ్రిటన్‌లో ఆ క్రీడను నియంత్రించే బోర్డు మీద దావా వేశాడు. బరి పక్కన తగిన వైద్యసహాయం ఉండేట్టు చూడవలసిన బాధ్యత బోర్డుదేనని 1999లో తీర్పు వచ్చింది. 2000 డిసెంబరులో పై న్యాయస్థానమూ దానినే సమర్థించింది. చివరకు 2001లో నాలుగు లక్షల పౌండ్లకు రాజీ కుదిరింది.

ఇక్కడ నాకు సుగ్రీవుడు గుర్తుకొచ్చాడు. పండితుడి చాదస్తమని నవ్వుకోండి, ఫరవాలేదు. మొదటిసారి వాలిచేత చావుదెబ్బలు తిని ఋష్యమూకానికి పారిపోయి వచ్చినప్పుడు సుగ్రీవుడు నిష్ఠూరమాడింది వాలిని కాదు, అండగా ఉంటానని చెప్పి చెట్టుచాటున ఊరక నిలబడిన రాముణ్ణి. అన్నదమ్ములిద్దరూ ఒకే పోలికలో ఉన్నారని రాముడు సమాధానం చెప్పుకోవలసివచ్చింది. మెడలో గజపుష్పి తీగ వేయించుకుని సుగ్రీవుడు మళ్లీ అదే యుద్ధానికి వెళ్లాడు. ఈ ఘట్టాన్ని ఏటేటా పాఠం చెబుతూ, ఆ నిష్ఠూరం ఎంత న్యాయమైనదో నేను గమనించలేదు.

గమనించకపోవడానికి ఒక కారణం ఉందేమో. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడిలో కబడ్డీ ఆడుతూ ఒక కుర్రవాడు పడ్డాడు. తల రాతికి తగిలింది. నీళ్లు చల్లి, సోడా తాగించి, వేపచెట్టు క్రింద పడుకోబెట్టాం. అక్కడున్న పెద్దలలో నేనూ ఒకణ్ణి. నిద్రపోతున్నాడని అనుకున్నాం. సాయంత్రం బస్సుకుగాని పట్నం తీసుకుపోలేదు. బ్రతికాడు. కుడిచేయి మాత్రం స్వాధీనంలోకి రాలేదు. అతని ఊరి జాతరలో ఇప్పటికీ కబడ్డీ బరికి సున్నపు గీతలు గీసేది అతడే, ఎడమచేత్తో. నన్ను చూడగానే ‘సార్, కూర్చోండి, ఫైనల్ చూసిపోదురుగాని’ అంటాడు. ఆ ఆట మీద గాని, మా మీద గాని అతడు ఒక్క మాట అనగా నేను వినలేదు. అననందుకే నాకు కష్టంగా ఉంటుంది.

మనవరాలిని కూర్చోబెట్టుకుని రెండు కథలూ చెప్పాను. వేపచెట్టు క్రింది సంగతి కూడా దాచలేదు. మా అబ్బాయి గుమ్మంలో నిలబడి విన్నాడు. అది కాసేపు గోళ్లు గిల్లుకుని, ‘తాతయ్యా, మరి మా కోచింగ్ దగ్గర డాక్టరుంటాడా?’ అని అడిగింది. మాన్పించడానికి తోడుకున్న నీళ్లు అటు పారాయి.

మరునాడు ఇద్దరమూ వెళ్లాం. శిక్షకుడు మర్యాదస్తుడు. పోటీలనాడు వైద్యుడు వస్తాడనీ, రోజువారీ సాధనకు ఎవరూ ఉండరనీ, ఏదైనా అయితే 108కి ఫోను చేస్తామనీ దాపరికం లేకుండా చెప్పాడు. ‘తలకు దెబ్బ తగిలితే చూడగల ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది బాబూ?’ అంటే తెలియదన్నాడు. సాయంకాలం రద్దీవేళ చూసుకుని ఆటో కట్టించుకున్నాం. మనవరాలు నా గడియారం పట్టుకుని కూర్చుంది. పంతొమ్మిది నిమిషాలు. ఆసుపత్రి పేరు, ఫోను నంబరు, ఆ నిమిషాలు ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో వ్రాసి ఇస్తే శిక్షకుడు తలుపు పక్కన మేకు కొట్టి తగిలించాడు.

మా అబ్బాయి నాతో రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. సోమవారంనుండి పిల్ల వెళుతోంది. నేనక్కడ బల్లమీద కూర్చుని, అది తల ఎలా కాచుకుంటోందో చూస్తున్నాను. ఎడమచేయి ఇంకా క్రిందికి జారుతోంది.