ఎవరు చూశారు?

విద్యార్థులకు ఒక డాక్యుమెంటరీ చూపించడంలో వ్యాసం రాయవలసినంత విషయమేముందని మిత్రులు అడగవచ్చు. మొదట నేనూ అలాగే అనుకున్నాను. దీపాలార్పి, తెర కట్టి, రెండు గంటలసేపు చిత్రం నడిపిస్తే మానవుని పుట్టుకను గురించిన పాఠం పూర్తయినట్టేనని నమ్మాను. ఆ నమ్మకం ఎట్లా చెదిరిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

నేను కర్నూలు సీమలో ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తాను. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకం నుంచి జీవపరిణామ భాగాన్ని తొలగించారు. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు దానికి నిరసనగా సంతకాలు చేశారు. అంతకుముందే, 2018 జనవరిలో, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు గనుక డార్విన్ సిద్ధాంతం తప్పని ఒక కేంద్రమంత్రి బహిరంగంగా ప్రకటించి ఉన్నాడు. పుస్తకంలో తీసేసినదాన్ని తెర మీద చూపించాలనే పంతం నాలో కలిగింది.

నేను ఎంచుకున్నది 2003లో వచ్చిన 'ది జర్నీ ఆఫ్ మ్యాన్'. జన్యుశాస్త్రజ్ఞుడు స్పెన్సర్ వెల్స్ అందులో మనకు దారి చూపిస్తాడు. తండ్రి నుంచి కొడుక్కు మాత్రమే సంక్రమించే వై క్రోమోజోములో అరుదుగా ఏర్పడే చిన్న మార్పులను గుర్తులుగా పట్టుకొని, ఆఫ్రికాలో బయలుదేరిన మానవుడు భూమినంతా ఎట్లా నింపాడో చెబుతాడు. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయపు పిచ్చప్పన్ సహాయంతో, మదురై దగ్గరి ఒక పల్లెవాసి రక్తంలో ఆస్ట్రేలియా ఆదివాసులలో కనిపించే గుర్తునే చూపిస్తాడు. మానవజాతి అంతా ఒకే కుటుంబమన్న ముగింపుకు పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను పొంగిపోయాను.

మరుసటి వారం ఒక చిన్న ప్రశ్న ఇచ్చాను: "మనమంతా ఆఫ్రికా నుంచి వచ్చామని మీకెట్లా తెలుసు?" దాదాపు ప్రతి కాగితంలోనూ ఒకే జవాబు: "సినిమాలో చూశాం."

ఆ కాగితాలు ముందు పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. మంత్రి "ఎవరూ చూడలేదు" అన్నాడు. నా విద్యార్థులు "మేము చూశాం" అన్నారు. ఇద్దరి పునాదీ ఒకటే గదా! కంటికి కనపడినదే ప్రమాణం. ఒకరికి కనపడలేదు కాబట్టి అబద్ధం, మరొకరికి కనపడింది కాబట్టి నిజం. హరికథలో విని బ్రహ్మ ముఖం నుంచి ఒకరు, పాదం నుంచి ఒకరు పుట్టారని నమ్మిన పిల్లవాడే తెర మీద చూసి ఆఫ్రికాను నమ్మాడు. అతని నమ్మకం మారింది గాని, నమ్మే పద్ధతి మారలేదు. రేపు మరొకరు ఇంతకంటే అందమైన తెర కడితే అతడు దాన్నీ నమ్ముతాడు. పొగను చూసి నిప్పును ఊహించడం మన తర్కశాస్త్రానికి ఎంతో పాత పాఠం. నేను మాత్రం పిల్లలకు పొగ చూపించకుండా నిప్పు బొమ్మ చూపించి ఊరుకున్నాను.

అందుచేత అదే చిత్రాన్ని మళ్ళీ వేశాను. ఈసారి దీపాలార్పలేదు. పది నిమిషాలకోసారి ఆపాను.

ఇండియా తీరం వెంట మానవులు నడచిన భాగం దగ్గర మొదటిసారి పెద్ద చర్చ జరిగింది. వలస యాభై, అరవై వేల సంవత్సరాల కిందటిదని చిత్రం లెక్క. అయితే 74,000 సంవత్సరాల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలి, దాని బూడిద మన దేశం మీద కూడా కురిసిందనీ, ఆ బూడిద పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికినట్టు పెట్రాగ్లియా, ధార్వాడకు చెందిన రవి కొరిశెట్టర్ మొదలైనవారు 2007లో ప్రకటించారనీ చెప్పాను. అవి దొరికింది జుర్రేరు లోయలో, జ్వాలాపురం దగ్గర అన్నాను. వెనక బెంచీ నుంచి ఎన్నడూ నోరెత్తని ఒక కుర్రవాడు లేచాడు.

"అది మా పక్కూరే సార్. ఆ బూడిద తవ్వి గిన్నెలు తోమే పౌడరుకు అమ్మేవాళ్ళు. మా నాయన ఆ కూలికే పోయేవాడు."

జ్వాలాపురం పేరు నేను చదివిందే తప్ప చూసింది కాదు. తరగతి అంతా తల తిప్పి అతనివైపు చూసింది. అతడు కూర్చోలేదు. "బూడిద కింద కూడా పనిముట్లుంటే, మనుషులు అంతకుముందే వచ్చినట్టు గదా సార్? మరి సినిమా లెక్క తప్పా?" అన్నాడు.

నేను ఆశించిన ప్రశ్న అది. ఆ రాళ్ళు మనవంటి ఆధునిక మానవులు చేసినవో, అంతకు ముందటి మానవులు చేసినవో శాస్త్రజ్ఞులలో ఇంకా వివాదం ఉందన్నాను. చిత్రం వచ్చిన తరువాత 2010లో నియాండర్తాల్ జన్యువులను చదివి, ఆఫ్రికా వెలుపలి జనంలో వారి అంశ కూడా కొద్దిగా ఉందని కనుగొన్న సంగతీ చెప్పాను. విజ్ఞానశాస్త్రం తన మాటను తానే దిద్దుకుంటుంది. దిద్దుకోవడానికి సిద్ధపడని మాట పురాణమే, అది ప్రయోగశాల నుంచి వచ్చినా సరే.

చిత్రంలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి కళాకారుడు ఈ ఆఫ్రికా కథను ఒప్పుకోడు. మా వాళ్ళు నవ్వారు. అక్కడ కూడా ఆపాను. 1901 జనగణనకు అధిపతి అయిన రిస్లీ ముక్కుల కొలతలు పట్టుకొని మన కులాలకు జాతి మెట్లు కట్టిన సంగతి చెప్పాను. అదీ శాస్త్రం పేరుతోనే జరిగింది. కొలత బద్దతో వచ్చినవాడి చేతిలో దెబ్బ తిన్నవాడు సందేహించడం వేరు, అధికారంలో కూర్చున్నవాడు పాఠాన్ని చింపడం వేరు. మొదటివానికి మనం ఆధారాలతో సమాధానం చెప్పాలి. రెండవవానితో పోరాడాలి.

చివరకు "ఒకే కుటుంబం" దగ్గరికి వచ్చాం. మొదటిసారి చప్పట్లు కొట్టిన పిల్లలే ఆ మధ్యాహ్నం ఎవరి గుంపులో వారు కూర్చొని అన్నం తిన్నారు. నేను చూసి కూడా ఏమీ అనలేదు. ఈసారి హైదరాబాదులోని సి.సి.ఎం.బి., హార్వర్డ్ శాస్త్రజ్ఞులు కలిసి 2013లో ప్రచురించిన ఫలితాన్ని బోర్డు మీద రాశాను: నేటి భారతీయ సమూహాల పూర్వులు 4,200 నుంచి 1,900 సంవత్సరాల కిందటి వరకు విస్తారంగా కలిసిపోయారు, ఆ తరువాత తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకోవడం బలపడింది. కులం అనాది అని పెద్దలంటారు. గోడ కట్టినప్పుడు చూసినవాడెవడూ నేడు లేడు. కాని గోడ ఏ కాలపుదో మన రక్తమే సాక్ష్యం చెబుతున్నది. మొదలున్నదానికి చివర కూడా ఉండవచ్చు గదా అన్నాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తలలు వంచుకున్నారు. ఆ మౌనమే నాకు ఎక్కువ నచ్చింది. అయినా మధ్యాహ్నపు గుంపులు మర్నాడే మారిపోయాయని చెప్పను, మారలేదు.

ఆ ఆదివారం పదిహేనుమందిమి జ్వాలాపురం వెళ్ళాం. ఆ కుర్రవాడే ముందు నడిచాడు. తవ్విన గోతుల అంచున తెల్లని పొర స్పష్టంగా కనిపించింది. అతని తండ్రి కూడా వచ్చాడు. చిటికెడు బూడిద తీసి వేళ్ళ మధ్య నలిపి, "ఇది బూడిదని మాకు తెలుసు సార్. యాడి బూడిదో తెలీదు. తవ్వేటప్పుడు రాళ్ళొస్తే పక్కకు పారేస్తిమి" అన్నాడు. ఆ రాళ్ళు మామూలు రాళ్ళే కావచ్చు. కాని తన కూలి ఏ చరిత్ర పొరల మీద సాగిందో అతనికి చెప్పినవాడు లేడు. పదేళ్ళుగా ఆ చుట్టుపక్కలనే చరిత్ర చెబుతున్న నేనూ చెప్పలేదు.

"ఆ పనిముట్లు చేసింది ఎవరు సార్?" అని కుర్రవాడు మళ్ళీ అడిగాడు.

"ఇంకా తేలలేదు" అన్నాను.

అతడు జేబులోంచి నోటుబుక్కు తీసి ఆ మాట రాసుకున్నాడు.