మా టేకులపల్లి లాన్‌లో తుంగ

ఇల్లందు దాటి కొత్తగూడెం రోడ్డెక్కితే టేకు చెట్లు, వాటి మధ్య కోయగూడెం ఓపెన్‌కాస్ట్ నుంచి వచ్చే బొగ్గు టిప్పర్లు, వాటి వెనక దుమ్ము. ఆ దుమ్ములోంచి బయటపడితే టేకులపల్లి. మా ఊరు.

పోయినేడు నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ మెత్తటి నేల మీద కాసేపు నడవమన్నారు. నా గచ్చిబౌలి బుర్ర ఊరుకుంటుందా! ఇంటి ముందున్న అర గుంటలో లాన్ వేయిద్దామని హైదరాబాద్ నుంచి గడ్డి చాపలు ట్రాలీ ఆటోలో తెప్పించా. ఖర్చు అమ్మకి సగమే చెప్పా. మీరూ చెప్పకండి.

దసరాకి వెళ్లి చూస్తే గడ్డి కన్నా తుంగే ఎక్కువ. అంచుల్లో వయ్యారిభామ తెల్లగా పూసి కూర్చుంది. అమ్మ పొద్దున్నే పీకుతోంది, వారానికల్లా మళ్లీ అక్కడే మొలుస్తోంది. లేచిపోయిన చాప అంచు తట్టుకుని నాన్న ఒకసారి పడబోయాడట. ఫోన్‌లో ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

కోపమొచ్చి గడ్డిమందు కొట్టేద్దామని పక్కింటి బాబాయిని స్ప్రేయర్ అడిగా.

"మందు కొట్టిన కాడ మీ నాయన చెప్పుల్లేకుండ నడుస్తడా?" అన్నాడు. గడ్డపార తెచ్చి ఒక్క పోటు పొడిచాడు. జానెడు కూడా దిగలేదు.

ఇల్లు కట్టినప్పుడు పోసిన మొరం అది. దాని మీద లారీలు తిరిగి సిమెంటులా గట్టిపడింది. వానొస్తే నీళ్లు ఇంకవు. లాన్ వేళ్లకి గాలాడక గడ్డి పలచబడుతుంది. తుంగ అలాంటి చోట కూడా బతికేస్తుంది. పైన ఆకు పీకినా, భూమిలో గొలుసులా అల్లుకున్న గడ్డలు మళ్లీ మొలకేస్తాయి. బగ్ వదిలేసి ఎర్రర్ మెసేజ్ డిలీట్ చేయడం లాంటిది. అమ్మ చేత నేను చేయిస్తున్నది అదే.

"అడివిల ఎవరు కలుపు తీస్తున్నరు?" అంటూ సాయంత్రం బండి మీద తీసుకెళ్లాడు. టేకాకు రాలి కుళ్లిన చోట చేత్తో తవ్వితే మట్టి నల్లగా, పొడిపొడిగా, చల్లగా ఉంది. వేలు పెడితే దిగిపోయింది. తుంగ వెతికినా కనబడలేదు.

జూన్ తొలకరికి చాపలు తీసేశాం. నేలంతా తవ్వి గుల్ల చేయించి, బాగా మాగిన పశువుల పెంట కలిపాం. (పచ్చిపేడ వేస్తే పశువు కడుపులో అరగని గడ్డి విత్తనాలు దాంతోపాటే వచ్చి మొలుస్తాయి.) ఆపైన జీలుగ చల్లాం, వరి రైతులు పచ్చిరొట్టకి వేస్తారే, అదే. గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లోకి పడుతుంది. 45 రోజులకి నడుమెత్తు పెరిగి దట్టంగా నీడ పరిచింది. తుంగకి నీడ పడదు. పూత మొదలవగానే కోసి మట్టిలోనే కలిపేశాం. "సాఫ్ట్‌వేరాయన వాకిట్ల నాటేస్తడా ఏంది?" అని దారిన పోయేవాళ్లు నవ్వుకున్నారు.

ఇక గడ్డి. హైదరాబాద్‌లో నేను డబ్బు పోసి కొన్నది 'బెర్ముడా'. బాబాయి పత్తిచేను గట్టు మీంచి పీక్కొచ్చిన గరిక దాని పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే! చేలో ఉంటే కలుపు, నర్సరీలో ఉంటే లాన్, వినాయక చవితి రోజున పత్రి. ఆ గరిక కణుపులే జానెడు ఎడంలో నాటాం. మరీ బోడిగుండులా కోయొద్దని, రెండంగుళాలైనా ఉంచమని అమ్మకి చెప్పా. నేలకి ఎండ తగిలితే కలుపు విత్తనాలు లేస్తాయి.

ఈ దసరాకి వెళ్తే నాన్న చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఆయన గడ్డి మీద ఉన్నాడు. తుంగ పూర్తిగా పోలేదు, మూలన మూడు నాలుగు మొలకలున్నాయి. అమ్మ పీకబోతుంటే గోడ అవతలి నుంచి బాబాయి గడ్డపార అందించాడు.

"గడ్డతోని సహా తియ్యి వదినా."