రొద సుతి మారింది

శ్రీముఖలింగంలో పుట్టి కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో స్థిరపడిన ఒకాయన ఓ శివరాత్రికి బేస్ గిటార్ వెంటబెట్టుకుని ఊరెళ్లాడు. చిన్న ఆంప్లిఫయర్‌కి తగిలించి ఒక పికప్ వాల్యూమ్ తగ్గించగానే ఎప్పుడూ వినే రొద వినిపించింది. కానీ సుతి దిగింది. అమెరికా ఇళ్లలో కరెంటు 60 హెర్ట్జ్. ఆ సుతి ‘ఇ’ తీగ మీద ఆరో ఫ్రెట్‌కీ ఏడో ఫ్రెట్‌కీ మధ్య పడుతుంది. మన దగ్గర 50 హెర్ట్జ్ కాబట్టి దాదాపు మూడో ఫ్రెట్ దగ్గరికి జారింది. అక్కడి ‘జి’ స్వరం 49 హెర్ట్జ్ మరి. మేనమామకి ఈ లెక్కలతో పనిలేదు. “ఏట్రా అల్లుడూ, అందులో తుమ్మెదేటైనా దూరిందేటి?” అన్నాడు.

తుమ్మెద ఉన్నది పికప్‌లోనే. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుడితే అదే పికప్. దానిమీద ఉక్కు తీగ కదిలితే చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం అదే. చిక్కేమిటంటే ఆ రాగి చుట్ట గిటార్ తీగనే కాదు, గోడలోని వైరింగునీ, ట్యూబ్‌లైటునీ కూడా వింటుంది. ఆయనది 1960లో వచ్చిన ఫెండర్ జాజ్ బేస్ తరహా, దానికి రెండు పికప్‌లు. ఒకదాని చుట్టుడు, అయస్కాంతం రెండోదానికి ఎదురు. రెండూ సమానంగా తెరిస్తే రొద రద్దవుతుంది, ఒకదాన్ని తగ్గిస్తే బయటపడుతుంది.

ఈ సంగతులన్నీ ఆయనకి ఫుల్లర్టన్‌లోనే పట్టుబడ్డాయి. ఊరు అలాంటిది. లియో ఫెండర్ 1938లో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టింది అక్కడే. లియోకి గిటార్ వాయించడం రాదు. అయినా 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చి, మనిషెత్తు డబుల్ బేస్ మోసుకు తిరిగేవాళ్ల భుజాలకి సెలవిచ్చాడు. 1957లో ఆ బేస్ పికప్‌ని రెండు ముక్కలు చేశారు. ఒక్కో ముక్క రెండేసి తీగలని వింటుంది, రెండూ కలిసి రొదని చంపేస్తాయి. ఇప్పటికీ అంతకన్నా తెలివైన పికప్ పని జరగలేదంటాడు ఈయన. మిగతాదంతా చాలావరకు డబ్బా మీది పేరు మార్చడమేనట! అతిశయోక్తే, కానీ పూర్తిగా అబద్ధం కాదు.

ఆయనకి కావలసిన ధ్వని మాత్రం ఏ కేటలాగులోనూ లేదు. ఉత్తరాంధ్రలో జముకుల కథ విన్నవాళ్లకి తెలుసు: ఒకవైపు తోలు మూసిన డబ్బా, తోలు మధ్యనుంచి తీసిన నరం, దాన్ని లాగుతూ వదులుతూ మీటితే ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారిపోయే బరువైన మోత. ఫ్రెట్ల మధ్య ఆగని మోత అది. దానికోసం ఆయన ఫ్రెట్లు లేని మెడ తెప్పించుకున్నాడు. తర్వాత పికప్‌ల వంతు.

మార్చడం పెద్ద విద్యేమీ కాదు. స్క్రూలు విప్పాలి, పాత వైర్లు ఎక్కడున్నాయో ఫోటో తీసుకోవాలి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవాలి. మోసం కొలతల్లో ఉంటుంది. చాలా జాజ్ బేస్‌లలో మెడవైపు పికప్‌కన్నా బ్రిడ్జివైపుది కొంచెం పొడవు. కొలవకుండా కొంటే గుంటలో పట్టదు. రెండు వేర్వేరు కంపెనీలవి కలిపితే ఇంకో తంటా: రెండూ తెరిచినప్పుడు మంద్రం మాయమై పీలగా మోగితే ఒకదాని వైర్లు అటూ ఇటూ మార్చాలి. మంద్రం తిరిగొస్తుంది. రొద పోతుందా లేదా అన్నది అయస్కాంతాల ధ్రువాలు చెప్పాలి. ఇవన్నీ తప్పించుకోవడానికే ఆయన ఒక్కో పికప్‌లోనే రెండేసి చుట్టలున్న జతని కొన్నాడు. కింది గుంటకి రాగి రేకు అతికి ఎర్త్‌కి కలిపాడు. రొద ఆగింది.

జముకు మోత మాత్రం రాలేదు. రావాలంటే పికప్ బ్రాండ్‌కన్నా చోటు ముఖ్యం. బ్రిడ్జి దగ్గర తీగ బిగువుగా, తక్కువగా ఊగుతుంది, అక్కడ ధ్వని పలచన. మెడవైపు ఊపు ఎక్కువ, మంద్రం ఎక్కువ. మెడవైపుది బాగా తెరిచి, టోన్ తగ్గించి, తీగకి కాస్త దూరంగా దించితే దగ్గరికొచ్చింది. మరీ పైకి ఎత్తితే అయస్కాంతం తీగనే లాగి సుతి చెడగొడుతుంది.

అదే ఉత్సాహంలో బొబ్బిలి వైపు గొల్లపల్లి వీణలకీ ఈ పికప్ పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. ఒకే పనస దుంగలో తొలిచే వీణ అది. అయస్కాంతానికి పనస చెక్క వినపడదు. సంప్రదాయంగా మంద్ర, అనుమంద్ర తంత్రులు ఇత్తడివి, అవీ వినపడవు. సారణి, పంచమం లాంటి ఉక్కు తంత్రులే మోగుతాయి. వీణకి గుర్రం దగ్గర అతికించే పీజో పికప్ కావాలి, అది కంపనాన్నే పట్టుకుంటుంది. దానికి ఇన్‌పుట్ ఇంపిడెన్స్ ఒక మెగాఓమ్‌కి తగ్గని ప్రీఆంప్ లేకపోతే మంద్రం పోయి రేకు చప్పుడు మిగులుతుంది.

ఊళ్లో మేనమామ మనవడికి చవకరకం బేస్ ఉంది, కొత్త పికప్‌లు పంపమని అడిగాడు. ఈయన ముందు కొత్త తీగలు, ఒక స్క్రూడ్రైవర్, కాస్త రాగి రేకు పంపాడు.