షక్కర్‌నగర్ హెరాల్డ్

ఫిబ్రవరి 11, 2024

మేనల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చి రాత్రంతా నా బుర్ర తిన్నాడు. చిన్నాయన హెరాల్డ్ కారుకు పైకప్పు కోసేయాలట. వెనక సీటు పీకేసి, ఛాసిస్‌ను నడుమ కోసి, కురచ చేసి అతికిస్తే స్పోర్ట్స్ కారు అయిపోతుందట. ఫోన్‌లో ఎర్రటి స్పిట్‌ఫైర్ ఫోటో చూపించి, "మామా, ఇది మన బండికి తమ్ముడే" అన్నాడు.

తమ్ముడే, కాదనను. ట్రయంఫ్ వాళ్లు హెరాల్డ్‌ను తెచ్చింది 1959లో, స్పిట్‌ఫైర్‌ను 1962లో. రెండింటికీ గీతలు గీసినవాడు ఒక్కడే, ఇటలీలో ట్యూరిన్‌కు చెందిన జొవాన్ని మికెలొట్టి. చిన్న బండి కింద ఉన్నదీ హెరాల్డ్ ఛాసిస్సే. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 91న్నర అంగుళాలుండేది 83కు తగ్గింది, అంతే. కానీ వాళ్లు రంపం పెట్టి ఊరుకోలేదు. హెరాల్డ్ ఛాసిస్‌కు రెండు పక్కలా ఔట్‌రిగ్గర్లు ఉంటాయి, బాడీ బరువు వాటి మీదే. స్పిట్‌ఫైర్‌లో వాటిని తీసేసి ఆ మోత తలుపుల కింది సిల్స్‌కు అప్పగించారు. మన బండికి సిల్స్ ఉత్త రేకులు, బోల్టులతో తగిలించినవి. ఇది తెలియకుండా కోస్తే వర్ని రోడ్డులో మొదటి గుంతకే బండి నడుం పడిపోతుంది.

చెప్పాను. "యూట్యూబ్‌లో చేసిండ్రు కద మామా" అన్నాడు.

ఫిబ్రవరి 19

బోధన్ నుంచి బండి తెచ్చాం. చెరకు మోసే ట్రాలీ మీదికి పలకలు వేసి నెట్టారు. టైర్లలో గాలి లేదు, బ్రేకు డ్రమ్ములు పట్టేశాయి. పది మంది కావాల్సొచ్చింది.

షక్కర్‌నగర్ దగ్గర ట్రాక్టరాయన బండి ఆపి టీ తాగుదామన్నాడు. చక్కెర ఫ్యాక్టరీ గేటు మూసే ఉంది. 1937లో నిజాం పెట్టిన కార్ఖానా. ఆసియాలోనే ఇంత పెద్దది లేదని చిన్నాయన చెప్పేవాడు, చుట్టాలొస్తే తప్పకుండా చెప్పేవాడు. 2015 డిసెంబరులో లేఆఫ్ నోటీసు అంటించాక ఇక క్రషింగ్ లేదు. కొత్త ప్రభుత్వం మళ్లీ తెరిపిస్తామని కమిటీ వేసింది. టీ కొట్టాయనను అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

చిన్నాయన కేన్ డిపార్ట్‌మెంటు మనిషి. ఈ హెరాల్డ్‌ను ఫ్యాక్టరీలోనే ఒక ఆఫీసరు దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాడు. జీపుకు అర్హత లేని ఉద్యోగం, దీన్నే జీపులా వాడాడు. నిజాంసాగర్ కాలువ గట్ల మీద, చెరకు తోటల మధ్య, వానాకాలం నల్లరేగడిలో. ఆ మట్టి ఔట్‌రిగ్గర్ల లోపలికి దూరి, ఎండి, మళ్లీ తడిసి, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. ఇవాళ స్క్రూడ్రైవరుతో పొడిస్తే మట్టీ తుప్పూ కలిసి దోసెడు రాలింది.

ఫిబ్రవరి 25

ఆటోనగర్‌లో రేకు పని చేసే ఉస్తాద్ బండిని ముట్టుకోకుండా ముందు చుట్టూ తిరిగాడు. తర్వాత జేబులోంచి గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీశాడు. బానెట్ మీద పెడితే టక్కున అంటుకుంది. తలుపు మీద అంటుకుంది. వెనక చక్రం పైన పెడితే జారి కింద పడింది.

"సాబ్, ఇక్కడ బండి లేదు. లప్పమే ఉన్నది."

గీకితే తెలిసింది. ఎవరో ఎప్పుడో తుప్పు చిల్లికి వైరు మెష్ కుక్కి, పైన బొటనవేలి మందాన లప్పం పట్టించి, నున్నగా కాగితం కొట్టి రంగేశారు. దీన్ని మోసమనను. ఆ రోజుల్లో నిజామాబాద్‌లో హెరాల్డ్ రేకు దొరకదు, చిన్నాయన జీతానికి మద్రాసు నుంచి తెప్పించుకునే స్తోమతా లేదు. బండి మర్నాడు పొద్దున్నే తోటకు పోవాలి. అంతే లెక్క.

డిక్కీ మూత కీలు కింద గీకితే రంగుల వరుస కనబడింది. పైన తెలుపు, దాని కింద మెరూన్, అడుగున లేత ఆకాశపు నీలం. నీలం కింద ప్రైమర్ తప్ప ఏమీ లేదు.

మార్చి 3

ఉస్తాద్‌కు ఈ బండి నచ్చింది. అంబాసిడర్లూ ఫియట్లూ బాగు చేసి విసిగిపోయిన మనిషి. వాటిలో బాడీయే ఛాసిస్, ఒక మూల తుప్పు పడితే బండంతా కోసి అతకాలి. ఇందులో అన్నీ విడిభాగాలే. బానెట్ రెండు మడ్‌గార్డులతో సహా ఒక్క ముక్కగా ముందుకు వాలుతుంది. ముందు టైరు మీద కూర్చుని ఇంజిను పని చేసుకోవచ్చు. విప్పితే ఆ బానెట్ కూడా ముక్కలవుతుంది.

ఎందుకిట్లా చేశారని అడిగాడు. నాకు తెలిసిన కథ చెప్పాను. అప్పటికే ఇంగ్లండ్‌లో బాడీ, ఛాసిస్ ఒకటే చేసే కాలం వచ్చేసింది. స్టాండర్డ్ ట్రయంఫ్ వాళ్లకు బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని 1953లో పోటీదారైన బీఎంసీ కొనేసింది. పెద్ద ప్రెస్సులు చేజారాయి. గత్యంతరం లేక విడి ఛాసిస్ పెట్టి, వేర్వేరు చోట్ల తలా ఒక ముక్క చేయించి, బోల్టులతో బిగించారు. ఆ పేదతనమే మన మద్రాసుకు కలిసొచ్చింది. వండలూరు దగ్గరున్న స్టాండర్డ్ కార్ఖానా 1961 నుంచి హెరాల్డ్‌లు తీయగలిగిందంటే, ముక్కలు తెచ్చుకుని కూర్చుకునే వీలున్న బండి కాబట్టే. తర్వాత కుటుంబంతో ఎక్కే మనవాళ్ల కోసం నాలుగు తలుపుల హెరాల్డ్‌ను కూడా వాళ్లే తయారుచేసుకున్నారు. అది ఇంగ్లండ్‌లో లేదు.

నిజానికి ఇది పాత పద్ధతి. ఆరో నిజాం కోసం ఆర్డరిచ్చిన 1912 నాటి రోల్స్ రాయిస్ సింహాసనం కారుకూ ఛాసిస్ ఒకరిది, బాడీ బార్కర్ వాళ్లది. "అయితే మనం నిజాం పనే చేస్తున్నం సాబ్" అన్నాడు ఉస్తాద్. బిల్లు కూడా ఆ స్థాయిలో వేయొద్దన్నాను.

మార్చి 20

రంజాన్ నెల. ఉస్తాద్ మధ్యాహ్నానికి పని ఆపేస్తున్నాడు. ఈలోగా చిన్న సామాన్ల తుప్పు వదిలించే పని నా మీద వేసుకున్నాను.

యాసిడ్ వద్దనుకున్నాను. అది తుప్పుతో పాటు మంచి ఇనుమునూ తింటుంది. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో పాత బండ్లవాళ్లు ఎప్పటి నుంచో వాడే పద్ధతి మరొకటి ఉంది, మొలాసిస్ (చెరకు మడ్డి). ఒక పాలు మొలాసిస్‌కు తొమ్మిది పాళ్ల నీళ్లు. ఇనుప సామాను ముంచి వదిలేస్తే అందులోని పదార్థాలు తుప్పులోని ఇనుమును పట్టి నీళ్లలోకి లాగేస్తాయి, మంచి లోహం జోలికి దాదాపు పోవు. వారం రెండు వారాలు పడుతుంది, ఎండాకాలమైతే తొందరగా. జింకు కలిపి పోతపోసిన తలుపు హ్యాండిళ్లు, అల్యూమినియం ముక్కలు మాత్రం అందులో వేయకూడదు, కరిగిపోతాయి. వాటిని వేరే డబ్బాలో దాచాను.

చిన్నాయన కాలంలో మొలాసిస్ వాసన తెలియని ముక్కు బోధన్‌లో లేదు. ఇప్పుడు నేను పశువుల దాణా కొట్టులో కొనుక్కొచ్చాను. నీలం డ్రమ్ము పెరట్లో పెట్టాను. నాలుగో రోజు నుంచి నురగ లేచి, పులిసిన కంపు వీధి దాకా పోయింది.

"ఎక్సైజోళ్లు వస్తే గుడుంబా కాదని మీరే చెప్పుకోండ్రి, నేను చెప్ప" అంది మా ఆమె.

బానెట్ కీళ్లు బయటికి తీసి కడిగితే బూడిద రంగులో శుభ్రంగా వచ్చాయి. అచ్చు వేసిన నంబర్లు కూడా చదవగలిగాను. చూస్తూ కూర్చునే వ్యవధి ఉండదు, తడి ఆరేలోపే మళ్లీ ఎర్రబడతాయి. వెంటనే ఆరబెట్టి ప్రైమర్ కొట్టాలి.

ఏప్రిల్ 16

పండగ అయ్యాక పని ఊపందుకుంది. ఉస్తాద్ కొడుకు ట్రాక్టరు ట్రాలీలు వెల్డింగ్ చేసే కుర్రాడు, చేయి మంచిదే. కానీ ట్రాలీ ప్లేటు వేరు, కారు రేకు వేరు. 20 గేజ్ రేకు మీద మామూలు కరెంటు వెల్డింగ్ పెడితే చిల్లి పడుతుంది. తండ్రి వాణ్ని పక్కకు జరిపి సీఓటూ వెల్డింగ్ తీసుకున్నాడు. ఇక్కడొక చుక్క, జానెడు అవతల ఇంకో చుక్క, మధ్యలో తడిగుడ్డ. ఒకేచోట లాగితే వేడికి రేకు ఉబ్బి అలలు లేస్తుంది.

ఔట్‌రిగ్గర్లు కొత్తవే చేశాడు, వీటికి కాస్త మందం రేకు. ఒక్కొక్కటే కోసి, ఒక్కొక్కటే అతికాడు. తలుపులు బిగించే ఉంచాడు. నాకు మొదట అర్థం కాలేదు, విప్పితే పని సులువు కదా అన్నాను. "తలుపు ఉంటేనే బాడీ ఎటు ఒంగుతున్నదో తెలుస్తది సాబ్. సందు చెప్తది." తలుపుకూ స్తంభానికీ మధ్య సందు కింద ఎంతో పైనా అంతే ఉండాలి. పైన ఇరుకైతే నడుం కుంగిందన్నమాట. అప్పుడు బాడీ మౌంటు కింద పల్చటి బిళ్ల ఒకటి వేసి లేపాలి. ఫ్యాక్టరీలోనూ ఇలాగే బిళ్లలతోనే సరిచేసేవారు. మన బండిలో పాత బిళ్లల మధ్య ఒక పావలా దొరికింది. చిన్నాయన పనే అయి ఉంటుంది.

మే 5

నలభై మూడు డిగ్రీలు. వీధి నిండా ఎన్నికల మైకులు. మేనల్లుడు దిగాడు.

ఈసారి కాగితాలు ముందు పెట్టాను. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2021లో కేంద్రం వింటేజ్ బండ్ల నిబంధనలు తెచ్చింది. రిజిస్టరై యాభై ఏళ్లు దాటి ఉండాలి; ఛాసిస్, బాడీ, ఇంజిను పెద్దగా మార్చి ఉండకూడదు. కొత్తగా రిజిస్టర్ చేయించేవాళ్లకు ఇరవై వేలు ఫీజు, వీఏ అక్షరాలతో నంబరు. ముందే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. జిల్లా ఏపీ 25 నుంచి టీఎస్ 16కు మారింది, ఈ మార్చి నుంచి టీజీ. మూడక్షరాల మన పాత ప్లేటు మాత్రం అలాగే ఉంటుంది. ఛాసిస్ కోస్తే అది పోతుంది.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే మొత్తం మ్యూజియం చేస్తవా మామా?" అన్నాడు. కోపంగానే అన్నాడు కానీ న్యాయమైన ప్రశ్న. బండిని ముట్టుకోకుండా అద్దాల పెట్టెలో పెట్టడం నాకూ ఇష్టం లేదు. చిన్నాయన అసలే ఊరుకోడు.

ఉస్తాద్ తీర్చాడు తగువు. వాణ్ని లోపల కూర్చోబెట్టి తలెత్తి చూడమన్నాడు. ముందు అద్దం ఫ్రేము పైన బోల్టులు, వెనక డిక్కీ ముందర బోల్టులు. రెండు తలుపుల హెరాల్డ్‌కు కప్పు విడి ముక్క. ఇంగ్లండ్‌లో ఇదే బండిని కప్పు లేకుండా కూడా అమ్మారు.

"కోసుడెందుకు బేటా? పానా తీస్కో."

రోడ్డెక్కాలన్నా, ఆర్టీవో ఆఫీసుకు చూపించాలన్నా కప్పు ఉండాల్సిందే అన్నాను. విప్పుకుని తిరిగే ముచ్చట మా మామిడి తోట లోపల తీర్చుకోమన్నాను. ఒప్పుకున్నాడు. ఎర్ర రంగు కోసం మాత్రం ఇంకా పట్టుబడుతున్నాడు.

మే 27

వెనక మడ్‌గార్డు. హెరాల్డ్ అందమంతా అక్కడే ఉంది, చివరికి వచ్చేసరికి సన్నగా లేచే ఆ రెక్క అంచులో. దాని కింద లప్పం తీసేస్తే జానెడున్నర ఖాళీ.

ఉస్తాద్ బాగున్న ఎడమ పక్క మీద పేపరు పరిచి వేలితో రుద్ది నమూనా తీశాడు, దాన్ని తిరగేసి కుడి పక్కకు రేకు కత్తిరించాడు. వేప దుంగలో ఒక గుంత తొలిచి ఉంది, రేకును దాని మీద పెట్టి చెక్క సుత్తితో తట్టడం మొదలెట్టాడు. ఎక్కడా గట్టి దెబ్బ లేదు. తట్టడం, తిప్పడం, అరచేతితో తడమడం. కళ్లు మూసుకుని తడుముతాడు. ఒకచోట ఎక్కువ సాగింది. గ్యాసు మంటతో రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కాల్చి, చుట్టూ తట్టి, తడిగుడ్డ అద్దాడు. చుయ్యిమంది, రేకు లోపలికి లాక్కుంది. ఇలా సాగిన రేకును ముడిచే పని ఇప్పటి షాపుల్లో కుర్రాళ్లకు రాదు. వాళ్ల తప్పేం లేదు, ఇన్సూరెన్సు కొత్త రేకుకు డబ్బిస్తుంటే పాతదాన్ని కొట్టమని ఎవడు అడుగుతాడు?

అతికాక మీద లప్పం పడింది, పడదని కాదు. అట్టముక్కంత పల్చగా. అయస్కాంతం అంటుకుంది.

జూన్ 11

రంగు నీలమే. డిక్కీ కీలు కింద దొరికిన నీలాన్ని ఎండ తగలని చోటి నుంచి చూసి కలిపించాం. మేనల్లుడికి ఎర్ర సీట్లు ఇస్తానన్నాను, సంధి కుదిరింది.

ఉస్తాద్ పాత ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) రంగే కొడతానన్నాడు. పి.యు. (పాలీయూరిథేన్) గట్టిది, మెరుపు పోదు, కానీ ఆ తడి మెరుపు ఈ బండికి నప్పదని అతని పట్టు. నాకూ అదే అనిపించింది. చిక్కల్లా వాన. ఎన్.సి. థిన్నరు చప్పున ఆవిరవుతుంది, రేకు చల్లబడుతుంది, గాలిలో తేమ ఉంటే తడి దాని మీదే పేరుకుని రంగు తెల్లగా మసకబారుతుంది. నిన్న సాయంత్రం మబ్బు పట్టగానే గన్ను పక్కన పెట్టేశాడు. కంప్రెసరు అద్దె నడుస్తూనే ఉంది.

ఇవాళ పదింటికి ఎండ కాసింది. రెండు కోట్లు పడ్డాయి.

జూన్ 23

కప్పు విప్పి చూశాం. వెనక బోల్టులు సులువుగా వచ్చాయి, ముందువాటిలో ఒకటి తెగింది, డ్రిల్లు పెట్టి తీయాల్సొచ్చింది. ఉస్తాద్, కొడుకు, మేనల్లుడు, నేను తలా ఒక మూల పట్టుకుని లేపాం. అనుకున్నంత బరువు లేదు.

లేపగానే కుడి తలుపు పట్టేసింది. కప్పు లేకపోతే బాడీ వెంట్రుకంత వాలుతోంది. ఉస్తాద్ వెనక మౌంటు కింద ఒక బిళ్ల వేశాడు, తలుపు వదిలింది. మళ్లీ కప్పు పెట్టి చూస్తే ఇప్పుడు ఎడమ తలుపు బిగుతు. సగం మందం బిళ్ల కావాలంటున్నాడు, లేత్ దగ్గర చేయించాలి.

మేనల్లుడు కప్పులేని బండిలో కూర్చుని ఫోటోలు దిగుతూనే ఉన్నాడు. ఇంజిను ఇంకా గోనెసంచి మీదే ఉన్న సంగతి ఫోటోలో కనిపించదు.

రేపు సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాలి, అద్దాల రబ్బరు బీడింగ్ కోసం. పాతది ఎండి పెళుసుబారింది, నమూనాకు రెండంగుళాల ముక్క కోసి కవర్లో పెట్టాను. ముందు అద్దానిది దొరకొచ్చు. వెనకది దొరక్కపోతే దగ్గరి సైజు తెచ్చి అంచు చెక్కుతానంటున్నాడు ఉస్తాద్. రెండు గజాలు ఎక్కువే తెమ్మన్నాడు.