పేరు చెక్కిన వెండి

గత షాబాన్ మాసంలో ఒకనాటి సాయంత్రం, అస్ర్ నమాజు ముగిసిన పిమ్మట, మా మద్రసాలో హిఫ్జ్ చేస్తున్న ఒక విద్యార్థి తండ్రి మా గదికి వచ్చారు. ఆయనది తుక్కు వ్యాపారం. చేతిలో తుప్పు పట్టిన పెద్ద బిస్కెట్ల డబ్బా ఉంది. దానిని మా ముందుంచి మూత తీశారు. లోపల అగ్గిపెట్టె కంటె చిన్నవైన పెట్టెలు, ఒక్కొక్క పెట్టెలో నీలిరంగు మఖ్మల్ గుడ్డపై ఒక్కొక్క పిన్ను. చొక్కా జేబుపై పెట్టుకునేవి. ముందువైపు నూలు కండె బొమ్మ, దాని కింద 25 అనే అంకె. వెనుకవైపు ఒక పేరు, టోకెను నంబరు, వెండి స్వచ్ఛతను తెలిపే 925 ముద్ర. మొత్తం 38 ఉన్నాయి.

మా పట్టణ శివారున ఒక నూలు మిల్లు ఉండేది. అది మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. యంత్రాలు ఎన్నడో తరలిపోయాయి. కార్యాలయంలో మిగిలిన బల్లలను, బీరువాలను వేలం వేసినప్పుడు ఈ సోదరుడు వాటిని తూకం లెక్కన కొన్నారు. తాళంచెవి లేని ఒక లాకరును గ్యాస్ కట్టరుతో కోయగా ఈ డబ్బా బయటపడింది. ఇరవై ఐదేళ్ల సేవ పూర్తి చేసిన కార్మికులకు సభలో బహూకరించడానికి చేయించినవని చూడగానే తెలుస్తోంది. ఆ సభ జరగలేదు.

"మౌలానా సాబ్, తూకం వేశాను, 190 గ్రాములు ఉంది. కరిగించి అమ్మి ఆ సొమ్ము మద్రసా వంటశాల రేకులకు ఇద్దామని నా నియ్యత్. ఇది నాకు హలాలేనా? ఆ ఒక్క మాట చెప్పండి చాలు" అన్నారాయన.

మా వంటశాల సంగతి చెప్పాలి. నిరుటి వర్షాకాలంలో పైకప్పు కారి, పొయ్యి మీది ఎసరులోనే వాన నీరు పడింది. అప్పటి నుంచి టార్పాలిన్ కప్పి నెట్టుకొస్తున్నాము. 190 గ్రాములంటే జకాత్‌కు వెండి నిసాబుగా మనం లెక్కించే 612.36 గ్రాములలో మూడో వంతు కూడా కాదు. అయినా సగం కప్పుకైనా అక్కరకు వస్తుంది. ప్రశ్న వినగానే మా మనసు గ్రంథాల వైపు కాక రేకుల వైపు పోయిందని దాచకుండా ఒప్పుకుంటున్నాము.

జవాబు మాత్రం తడుముకోకుండానే చెప్పాము. హనఫీ ఫిఖహ్ ప్రకారం హిబా, అనగా కానుక, పుచ్చుకునేవారి చేతికి అందినప్పుడే పూర్తవుతుంది. ఈ పిన్నులు కార్మికులకు అందలేదు గనుక వారి సొత్తు కాలేదు, మిల్లు సొత్తుగానే మిగిలాయి. మిల్లు సొత్తును మీరు వేలంలో కొన్నారు, కనుక మీకు ధర్మసమ్మతమే అన్నాము. ఆయన ఎంతో సంతోషించారు. మరునాడు కంసాలి వద్దకు తీసుకువెళ్తానని చెప్పి డబ్బాను మా గదిలోనే ఉంచి వెళ్లారు.

ఆ రాత్రి ఇషా తర్వాత ఆ పెట్టెలను మరొకసారి తెరిచి చూశాము. ప్రతి ఏటా విద్యార్థులకు బోధించే హదీసు గుర్తుకు వచ్చింది. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం. ఒకాయన భూమి కొన్నారు. దానిలో బంగారంతో నిండిన కుండ దొరికింది. నేను భూమిని కొన్నానే గాని బంగారాన్ని కాదంటూ ఆయన అమ్మినవారి వద్దకు వెళ్లారు. భూమిని అందులో ఉన్నదానితో సహా అమ్మాను, నాకు వద్దని వారూ నిరాకరించారు. చివరికి వారిలో ఒకరి కుమారునికి మరొకరి కుమార్తెతో వివాహం జరిపించి, ఆ బంగారాన్ని వారిపై ఖర్చు చేసి, దానిలో కొంత దానం చేయాలని తీర్పు వచ్చింది. ఇక్కడ మాత్రం అమ్మినవారికి లాకరులో ఏముందో తెలుసా లేదా అని అడగాలన్న ఆలోచన మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

ఇబ్నె ఖుదామా తమ 'అల్ ముగ్నీ'లో చేప కడుపులో దొరికిన ముత్యాన్ని గురించి చర్చించారు. ముత్యం సముద్రంలో పుట్టినట్లే ఉంటే అది చేపను పట్టినవానిది. దానికి రంధ్రం చేసి ఉంటే అది ఒకప్పుడు ఒక మనిషి చేతిలో ఉండి పోయిన వస్తువు, లుఖతా. పిన్ను వెనుక చెక్కిన పేరు మాకు ఆ రంధ్రం లాగానే తోచింది. మేము చెప్పిన జవాబు తప్పు కాకపోవచ్చు, కాని ఆ తొందర మాత్రం మా వంటశాలదే.

ఫజ్ర్ కాగానే ఫోను చేసి కంసాలి వద్దకు వెళ్లవద్దన్నాము. వేలం వేసినవారిని ముందు అడగమన్నాము. ఆయన కాస్త నొచ్చుకున్నారు. నిన్న ఒక మాట, నేడు ఒక మాటా అని అడగలేదు గాని, ఆ గొంతులో అది వినిపించింది. రెండు వారాల తర్వాత ఒక కాగితం తెచ్చారు. బీరువాలను లోపలి వస్తువులతో సహా అమ్మివేశామని, వాటిపై తమకు హక్కు లేదని అందులో ఉంది.

"ఇప్పుడు కరిగించవచ్చా మౌలానా సాబ్?"

"కరిగించవచ్చు. ఇక మీ సొత్తే" అన్నాము. అంతకు మించి చెప్పలేదు. ఆయన సొమ్మును ఆయన తరఫున పంచిపెట్టే అధికారం మాకు లేదు.

ఆయన డబ్బా తీసుకుని వెళ్లారు, నాలుగు రోజులకు మళ్లీ తెచ్చారు. ఆయన దుకాణంలో బండి లాగే వృద్ధుడు ఒకప్పుడు ఆ మిల్లులో బదిలీ కార్మికుడట. పెట్టెలు చూసి, పేర్లు చదివించుకుని, వీడు మా షిఫ్టు వాడు, ఈయన మా మేస్త్రీ, ఈయన పోయాడు గాని భార్య ఉంది అంటూ చెప్పుకుపోయాడట. "ఆ మాటలు విన్నాక కొలిమిలో ఎలా వేయమంటారు? రేకుల సంగతి అల్లాహ్ చూస్తాడు. మీరు కూడా నాతో రండి" అన్నారు వ్యాపారి. సమాధానం చెప్పవలసిన మేము లేచి చెప్పులు వేసుకున్నాము.

మొదట వెళ్లింది ఆ వితంతువు ఇంటికి. మిల్లు నుంచి వచ్చామనగానే ఆమె ముఖం వెలిగింది. లోపలికి పోయి ప్లాస్టిక్ సంచిలో కాగితాలు తెచ్చింది. "డబ్బులు వచ్చాయా నాయనా?" అని అడిగింది. మిల్లు మూసిన నాటి నుంచి భర్తకు రావలసిన బకాయి కోసం ఎదురుచూస్తోందట. మా చేతిలో ఉన్నది పిన్ను. ఆ క్షణంలో మేము పడిన సిగ్గును ఏ పదాలలో రాయాలో తెలియడం లేదు. కార్మికుని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త (స) బోధపై మేము ఎన్ని ప్రసంగాలు చేశామో! ఆమె పిన్నును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆయన పేరేనా? చదివి చెప్పండి" అన్నది. చదివాము. మళ్లీ చదవమన్నది. అమ్మితే ఎంత వస్తుందని కూడా అడిగింది, అందులో తప్పేమున్నది? వ్యాపారి అప్పటికప్పుడు నాటి వెండి ధర లెక్కగట్టి డబ్బు ఆమె చేతిలో పెట్టారు, పిన్నును మాత్రం తిరిగి తీసుకోలేదు.

తర్వాతివన్నీ ఒకే తీరుగా జరగలేదు. కొందరు వెంటనే చొక్కాకు పెట్టుకున్నారు. మేస్త్రీగారు పెట్టెను ముట్టుకోనే లేదు. "మౌల్వీగారూ, ఆ మిల్లు పేరు నా గడపలోకి వద్దు. మీ పిల్లల అన్నానికి వాడుకోండి" అన్నారు. మా వంటశాలకు ధర్మసమ్మతంగా వచ్చిన వెండి అది. ఒక ఇంట ఐదుగురు సంతానం ఒక్క పిన్నును వారసత్వంగా ఎలా పంచుకోవాలని అడిగారు. తండ్రి చేతికి అందనిది తర్కా కాదని, ఇది నేడు ఇస్తున్న కానుక అని, అందువల్ల వాటాలు వేయనక్కరలేదని చెప్పాము. ఇరవై తొమ్మిదేళ్లుగా బోధిస్తున్న ఫరాయిజ్ విద్య పిన్ను దగ్గర పనికివచ్చింది.

ఇప్పటికి 21 చేరాయి. 3 తిరస్కరించబడి మద్రసాకు వచ్చాయి. మిగిలిన 14 పేర్లను తెలుగులో రాసి జుమా తర్వాత చదివి వినిపించాము. వారిలో హిందువులు, క్రైస్తవులు కూడా ఉన్నారు గనుక పాత మిల్లు గేటు ఎదుటి టీ కొట్టులోనూ అతికించాము. లుఖతాను ఏడాది పాటు ప్రకటించాలన్న ఆజ్ఞ దీనికి కచ్చితంగా వర్తించదు. అయినా రాబోయే షాబాన్ వరకు ఆగుదామని వ్యాపారి తామే అన్నారు. వంటశాలపై టార్పాలిన్ అలాగే ఉంది.

గత వారం టీ కొట్టుకు వెళ్లి చూస్తే, జాబితాలో రెండు పేర్లపై ఎవరో పెన్సిలుతో గీత గీసి ఉన్నారు. ఎవరు గీశారని అడిగితే, పొద్దున్నే టీ తాగడానికి వచ్చే ముసలివాళ్లలో ఒకరని కొట్టు యజమాని చెప్పాడు. ఆ ఇద్దరూ పోయారట, వెనుక ఎవరూ లేరట. ఆ రెండు పెట్టెలను మిగతావాటి నుంచి తీసి వేరుగా ఉంచాము.