రేడియేటరుకు మంచినీళ్లు

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నేలను మా ప్రాంతంలో నడిగడ్డ అంటారు. రెండు పక్కలా రెండు నదులున్నా గట్టు మండలం మాత్రం, పేరుకు తగ్గట్టే, గట్టునే ఉండిపోయింది. నీళ్లు కావాలంటే ఎత్తిపోసుకోవాలి, లేదా బోరు వేసి తోడుకోవాలి. 2018లో గట్టు ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరగడం వెనుక ఉన్న కథ ఇదే.

బోరు నీళ్ల స్వభావం వంటింటి గిన్నెలకు బాగా తెలుసు. కాచిన కొద్దీ అడుగున తెల్లని గార కడుతుంది. నీటిలో కరిగి ఉన్న సున్నపు లవణాలు వేడికి విడివడి అంటుకుంటాయి. కారు రేడియేటరులో జరిగేదీ అదే. ఇంజనులో పుట్టే వేడిలో సుమారు మూడో వంతును మోసుకుపోవలసిన నీళ్లు సన్నని గొట్టాలలో తిరుగుతాయి. ఆ గొట్టాలలో గార పట్టిందంటే వేడి బయటికి పోయే దారి మూసుకున్నట్టే. మే నెలలో మన్ననూరు అడవి గుండా శ్రీశైలం వెళ్లి, తిరుగు ప్రయాణంలో ఆనకట్ట దగ్గర ఘాటు ఎక్కేటప్పుడు బోనెట్లు ఎత్తి నిలబడిన బండ్లను చూసినవారికి దీని ఫలితం వేరే చెప్పనక్కరలేదు.

అందుకే ఏటా ఉగాది వెళ్లగానే నేను ఈ పని పెట్టుకుంటాను. బండి పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టుకోకూడదు. ఆ మూత లోపలి పీడనాన్ని నిలిపి ఉంచడం వల్లనే నీరు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. వేడి మీద విప్పితే ఒక్కసారిగా ఆవిరై ముఖాన చిమ్ముతుంది. చల్లారాక కింది గొట్టం వదులు చేసి పాత ద్రవాన్ని వెడల్పాటి గిన్నెలోకి దించుతాను. తుప్పు రంగు పోయి తేటగా వచ్చేదాకా డిస్టిల్డ్ వాటర్‌తోనే కడుగుతాను. తరువాత కారు పుస్తకంలో చెప్పిన రకం కూలెంటును అదే నీటితో సమపాళ్లలో కలిపి నెమ్మదిగా పోస్తాను. ఇంజనును ఫ్యాను తిరిగేదాకా నడిపిస్తే లోపల చిక్కుకున్న గాలి బయటికి వస్తుంది. మళ్లీ చల్లారాక మట్టం చూసి తగ్గినంత నింపాలి. రంగు నచ్చిందని రెండు రకాల కూలెంట్లు కలపరాదు.

ఇక తీసిన పాత ద్రవం సంగతి. ఒకసారి మా వాకిట్లో ఈ పని చేస్తుండగా గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగాడు.

"ఆ పచ్చనీళ్లు ఏడ పారబోస్తవ్ సారూ? జీవాలు మూతి పెడ్తయి."

"పారబొయ్యను తాతా, క్యానులో పట్టి గద్వాల తీసుకుపోతాను" అన్నాను. ఆయన క్యాను మూత బిగించేదాకా నిలబడి చూసి కదిలాడు.

ఆయన భయం ఉత్తది కాదు. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. వేసవిలో గుంటలో కనిపిస్తే దప్పికగొన్న కుక్కయినా గొర్రె అయినా తాగేస్తుంది. అది ఒంట్లో చేరి ఆక్సాలిక్ ఆమ్లంగా మారి, రక్తంలోని కాల్షియంతో కలిసి, మూత్రపిండాలలో స్ఫటికాలై అడ్డుపడుతుంది. గొట్టాలను మూసే గారలోనూ, ప్రాణం తీసే ఈ స్ఫటికాలలోనూ ఉన్నది ఒకటే కాల్షియం.

మంచినీళ్ల కోసం ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన నేల ఇది. ఈ నేల మీద ఒక గుంటెడు నీళ్లను విషం చేసే హక్కు కారున్నవాడికి లేదు. పాత కూలెంటును మోరీలో పోయకండి, చెట్టు మొదట్లో పోయకండి. మూత బిగించి, పిల్లలకు అందకుండా ఉంచి, దానిని తీసుకునే సర్వీసు షెడ్డులో అప్పగించండి. కొత్తది నింపడం సగం పనే, పాతదాన్ని చేర్చవలసిన చోటికి చేర్చినప్పుడే అది పూర్తవుతుంది.