పెద్ద నల్లంచి, బారాసింగా

నిరుడు సెలవులలో నాగపురం నుండి కుటుంబ సమేతంగా కాన్హా అడవికి వెళ్లి బారాసింగా దుప్పులను చూచి వచ్చాము. పేరుకు పన్నెండు కొమ్ములు గాని, మేము లెక్కించిన పోతుకు పది కొనలే ఉన్నవి. గుమాస్తాగిరీ చేసే చేతులు గదా, లెక్క చూడనిదే ఊరుకోవు!

మంచి పోతు 170 కిలోలు తూగుతుంది. మా పెరటిలో ఈల వేసే పెద్ద నల్లంచి 35 గ్రాములుంటే గొప్ప. అనగా త్రాసులో ఒక దుప్పికి బదులు సుమారు 5,000 పిట్టలను పెట్టాలి. అంత జంతువూ 1970లో కాన్హాలో 66 మాత్రమే మిగిలినది.

తెరాయి బురదనేలలలో ఉండే దీని జ్ఞాతులకు గిట్టలు విచ్చుకొని ఉంటవి. మధ్యప్రదేశ్ దానికి గట్టి గిట్టలు. నేలకు తగిన కాళ్లు వచ్చినవి గాని తిండి మారలేదు. గడ్డి తప్ప మరొకటి ముట్టడం అరుదు. ఈతకు ఒకటే పిల్ల. అది దాగడానికి ఎత్తైన గడ్డి కావాలి. వేటా, పచ్చికబయళ్లు తరగడమూ కలిసి దాని కొంప ముంచినవి. తరువాత కంచె వేసి పెంచారు, అడవిలోని ఊళ్లను తరలించి ఆ నేలను గడ్డికి విడిచారు. 2015లో కొన్నిటిని సాత్పురాకు పంపారు. ఇప్పుడు కాన్హాలో వెయ్యి దాటినవి. ఊళ్లు విడిచిన బైగాలను, గోండులను తలచుకుంటే మాత్రం ఆ గడ్డి మాకంత పచ్చగా కనిపించలేదు.

నల్లంచి కోసం ఎవరూ ఊళ్లు లేపరు. నాలుగు పురుగులు, ఒక తొర్ర, పాడేందుకు ఒక చిటారుకొమ్మ ఉంటే చాలు, మూడునాలుగు గుడ్లు పెడుతుంది. దేశంలో దానికి కొదవ లేదు. సింగపూరులో మాత్రం పంజరాలకై పట్టిపట్టి ఒకప్పుడు దాదాపు లేకుండా చేశారు.

మా పిట్ట గూడు పెరటిగోడలో, ఇటుక ఊడిన చోట. మేము మూడు తరాలుగా అద్దెకున్న ఈ ఇంటిని వచ్చే ఏడు పడగొట్టి నాలుగంతస్తులు కడతారట. మా అమ్మకు బెంగ ఇంటిమీద కాదు, పిట్టమీద. ఆమె ఒక్కతే దానిని నల్లంచి అంటుంది. పిల్లలు మరాఠీ స్నేహితులతో కలిసి దయాళ్ అంటారు. చిన్నవాడు చెక్కపెట్టెకు కన్నం చేయించి వేపచెట్టుకు కట్టాడు. ఆ చెట్టును ఉంచుతారో లేదో ఇంటివారిని ఈ ఆదివారం అడగాలి.